సల్లగుండు బిడ్డా

మొదటి రోజు. గది 21.

మీ కాలనీ కార్యాలయం ఆయన ఫోనులో చెప్పినట్టే రాస్తున్నాను. చలికాలంలో వేడి కావాలని ఫిర్యాదు పెట్టాలంటే ఇరవై ఒక్క రోజుల దినచర్య జతచేయాలట. రోజూ గది ఎంత వెచ్చగా ఉందో, తగ్గితే ఎందుకు తగ్గిందో రాయాలట. "మనసులో బాధలవీ రాయకండమ్మా, అంకెలు చాలు" అన్నాడు. సరే అయ్యా, అంకెలే రాస్తాను. మధ్యలో నా నోరు జారితే మీ ఖర్మ.

నా పేరు స్వర్ణలత. పదిహేడో వరస, నాలుగో ఇల్లు. ఎండతెరలు కుట్టి బతుకుతాను. ఇంట్లో మా అత్తమ్మ శిరీష, వయసు ఎనభై మూడు. నా బిడ్డ పావని. పావనికి నెలలు నిండకుండానే పుట్టిన ఆడపిల్ల, ఇంకా పేరు పెట్టలేదు. అల్లుడికి సోలార్ మైదానంలో పని, రెండు నెలలకోసారి వస్తాడు.

పాప బరువు కిలో ఎనిమిది వందల గ్రాములు. ఆసుపత్రిలో వెచ్చని పెట్టెలు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు పిల్లలను పడుకోబెడుతున్నారు. అందుకని షరతు మీద ఇంటికి పంపారు. పాప రెండు కిలోల మూడు వందలు అయ్యేదాకా గది ఇరవై ఆరుకు తగ్గకూడదు. నర్సు సుగుణ సోమవారం, గురువారం వచ్చి కొలుస్తుంది. వరసగా మూడు సార్లు తగ్గితే పాపను వెనక్కి తీసుకుపోతారు. వెంట తల్లి పోవడానికి లేదు. పాలు పిండి సీసాలో పంపాలి, అరవై కిలోమీటర్లు.

ఈరోజు శుక్రవారం. గది ఇరవై ఒకటి.

రెండో రోజు. గది 23.

ఈ కాలనీ ఇళ్ళు ఎండకు కట్టినవని మీకు తెలుసు, కట్టించింది మీరే. మూరెడు మందం గోడలు. బయట యాభై ఒకటి ఉన్నా లోపల ప్రాణం నిలబడుతుంది, కాదనను. చలికాలం వచ్చేసరికి అవే గోడలు పగటి ఎండను కూడా గుమ్మం బయటే నిలబెడతాయి. బయట పద్దెనిమిది ఉంటే లోపల బావిలో దిగినట్టు ఉంటుంది.

పొద్దున్నుంచి చేసిన పనులు: కిటికీ సందుల్లో, తలుపు కింద పాత చీరల పేలికలు కుక్కాను. కుట్టడానికి తెచ్చిన ఎండతెరలు నాలుగు కలిపి ఉత్తరం గోడకు వేలాడదీశాను. మేడమీద ఎండలో ఇటుకలు పెట్టి, కాగిన తరువాత గోనెపట్టాలో చుట్టి తెచ్చి మంచం కింద పేర్చాను. పొయ్యి పాప గదిలోకి మార్చాను. రోజుకు నలభై నిమిషాలే కదా మీరిచ్చే పొయ్యి కరెంటు, ఆ నలభై నిమిషాల సెగైనా దక్కుతుందని. తడిబట్టలు లోపల ఆరేయడం మానేశాం. పాపను బట్టల్లేకుండా గుండెకు ఆనించుకుని పైన బొంత కప్పుకోవాలని సుగుణ చెప్పింది. పావని కొంతసేపు, నేను కొంతసేపు.

ఇరవై మూడుకు ఎక్కింది. రెండు డిగ్రీలు. నేనూ పావనీ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

మూడో రోజు. గది పొద్దున 24, తరువాత 18.

తగ్గడానికి కారణం: మా అత్తమ్మ దీవెన.

నవ్వకండి. పొద్దున చాయ్ ఇచ్చాను. అందుకుని, ఎప్పట్లాగే "సల్లగుండు బిడ్డా" అంది. గోడమీది మీ పెట్టె, అదే మా మాట విని గోడలను చల్లబరిచే ఇంటితోడు, వెంటనే "అలాగే, పెద్దమ్మా. చల్లబరుస్తున్నాను" అంది. గోడ గొట్టాల్లో ఉన్న గోరువెచ్చటి నీళ్ళన్నీ గుడగుడమంటూ బయటికి పోయాయి. రెండు రోజుల కష్టం రెండు నిమిషాల్లో గంగపాలు.

దానికి ఆ మాట నేర్పింది మేమే. వేసవుల్లో ఎవరు వచ్చి కాళ్ళకు దండం పెట్టినా అత్తమ్మ "సల్లగుండు" అనేది. అదే సమయంలో మేము చల్లదనం మీట నొక్కేవాళ్ళం. విని విని పెట్టె దాన్ని మా ఇంటి వాడుక మాటగా రాసుకుంది. ఎంత మురిసిపోయామో! వాడకట్టు పిల్లలు మిట్టమధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి "అవ్వా, దీవించవా" అని వరస కట్టేవారు. ఆమె దీవిస్తే నిజంగానే చల్లగాలి వచ్చేది. చలికాలం మాట మాకెవ్వరికీ తట్టలేదు. పసిపిల్ల లేని ఇంట్లో నాలుగు డిగ్రీలు తగ్గితే ఇంకో బొంత కప్పుకుంటాం, అంతే కదా.

నాలుగో రోజు. గది 22. సుగుణ వచ్చింది.

ఒకటి పోయింది. ఇంకా రెండు.

మీ కార్యాలయానికి ఫోను చేశాను. మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"పెట్టెను ఆ మాట మరిచిపొమ్మని చెప్పుండ్రి సారూ."

"వాడుక మాట తీసెయ్యాలంటే మనిషి రావాలమ్మా. మార్చి తర్వాత వస్తడు."

"పోనీ వేడి మీటన్న తెరువుండ్రి. నొక్కితే పనిజేస్త లేదు."

"ఈ ఏడు మెత్తని చలికాలం అని ప్రకటించినం కదమ్మా. బయట పదికి తక్కువ మూడు దినాలుంటెనే వేడి మీట తెరుచుకుంటది. మీ దగ్గర పదమూడున్నది."

"పదమూడు మీకు మెత్తన సారూ. అరచేతిలో పట్టే పిల్లకు ఎట్ల మెత్తనయితది?"

"దినచర్య రాసి పంపుండ్రి."

ఇంటి పెద్దగా అత్తమ్మ పేరు తీసి నా పేరు రాయమన్నాను. మరణ ధ్రువపత్రం కావాలన్నాడు. నీ మొకం మండ అనబోయి ఆపుకున్నాను. ఇప్పుడు రాశాను కాబట్టి లెక్క సరిపోయింది.

ఐదో రోజు. గది 19.

అత్తమ్మకు అన్నీ చెప్పాం. చాలా బాధపడింది. "అయ్యో, నా నోటి మాటతోని పిల్లకు సలి వెట్టిన్నా" అని చెంపలు వేసుకుంది. నోట్లో చింతగింజ పెట్టుకుని కూర్చుంది, మాట రాకుండా.

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. పాప తుమ్మింది. పిల్లలు తుమ్మితే ఏమంటాం? అరవై ఏళ్ళ అలవాటు, గింజ పక్కకు తోసి మాట వచ్చేసింది. "సల్లగుండు!"

"అలాగే, పెద్దమ్మా."

పావని ఏడ్చింది. అత్తమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక నేను పొయ్యిని తిట్టాను.

ఆరో రోజు. గది 17.

అత్తమ్మను పక్కింట్లో ఉంచాం. నాలుగు గంటలు గడిచాక పెట్టె ప్రకటించింది: "ఇంటి పెద్ద ఇంట్లో లేరు. తాళం వేసిన ఇల్లుగా లెక్కిస్తున్నాను." గొట్టాలు మొత్తం బంద్. పోయి మళ్ళీ తీసుకొచ్చాం. గుమ్మంలోకి వస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుంటే దీవిస్తుందని మరిచిపోయాను. తప్పు నాదే, రాసుకోండి.

ఏడో రోజు. గది 20. సుగుణ వచ్చింది.

రెండు.

సుగుణ మంచి మనిషి. కొలత పరికరం నోట్లో పెట్టి ఊదుదామా అని కూడా చూసింది. కానీ అంకె దానంతటదే ఆసుపత్రికి పోతుంది. "అక్కా, సోమవారం కూడ గిట్లనే ఉంటే దవాఖాన బండి ఎంబడి వస్తది. నా చేతుల లేదు" అంది. పాప అరికాలు ముట్టుకుని చూసి మొహం పక్కకు తిప్పుకుంది. పావని సీసాలు కడిగి వరసగా పెట్టుకుంటోంది. ఎందుకే అంటే, "అలవాటు చేసుకోవాలె గదా అమ్మా" అంది.

ఎనిమిదో రోజు. గది 19, అరగంట 21, మళ్ళీ 19.

అయ్యా, ఈరోజు నుంచి ఇది మీకు పంపను. ఎందుకో మీరే చూడండి. చూడరనుకోండి, పంపడం లేదు కాబట్టి. అయినా రాయడం అలవాటైంది.

ఇటుకలు తెస్తుంటే ఒకటి కాలి మీద పడింది. పెట్టెవైపు చూసి కడుపులో ఉన్నదంతా కక్కాను. "నీ మొకం మండ!" అన్నాను.

పెట్టె "అలాగే, స్వర్ణలత గారూ" అంది. గోడ వెచ్చబడింది!

అరగంట ఉంది. రెండు డిగ్రీలు ఎక్కింది. నేనూ పావనీ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. తరువాత అర్థమైంది. పోయిన చలికాలాలన్నీ వేడి మీట బిగుసుకుపోయి కదలకపోతే, గుద్దుతూ నేను తిట్టిన తిట్టు అదే. పెట్టె దాన్ని కూడా వాడుక మాటగా రాసుకుంది. మీట మీరు మూయగలిగారు గానీ మాట మూయలేకపోయారు. ఇంటి వాడుక మాట మీ ప్రకటన కిందికి రాదు.

పావని కూడా తిట్టింది. దానికి తిట్టడం రాదు, పాఠం అప్పజెప్పినట్టు తిట్టింది. అయినా వెచ్చబడింది. కానీ మా మాటకు అరగంటే విలువ, రోజుకు మూడు సార్లే. ఇంటి పెద్ద మాటయితే మర్నాడు పొద్దుపొడిచేదాకా ఉంటుంది. పెద్ద మాట పడ్డాక మిగతావాళ్ళ మాట చెల్లదు.

ఇద్దరం అత్తమ్మ వైపు చూశాం. ఆమె చింతగింజ నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

తొమ్మిదో రోజు. గది 19.

బతిమాలాను. ఒక్క మాట అత్తమ్మా, ఒక్కటంటే ఒక్కటి, ఉట్టి మాట అన్నాను.

"ఉట్టి మాట ఉండదు బిడ్డా. తథాస్తు దేవతలుంటరు" అంది.

"దేవతలు లేరు, పెట్టె ఉన్నది."

"రెండిట్ల ఏది విన్నా ఇన్నట్టే."

నాకు కోపం వచ్చింది. పిల్ల ప్రాణం కన్నా నీ మాట ఎక్కువా అనేశాను. అనకూడని మాట. ఆమె నా వైపు చూసింది. పెద్దవాళ్ళు తిరిగి తిడితే బాగుండు, ఇట్లా చూస్తే ఏం చేయాలి?

పదో రోజు. గది 18.

పాప పాలు తాగడం లేదు. నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి నిద్రలోకి పోతోంది. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. సుగుణకు ఫోను చేస్తే, చలికి శక్తంతా ఒళ్ళు కాపుకోవడానికే పోతోంది, పాలు పీల్చే బలం ఉండదు అంది. రేపు పొద్దున పదికి వస్తుందట. బండి కూడా.

సాయంత్రం అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె కోసం తోడికోడలితో కొట్లాడిందట. "నీ కడుపు మండ" అందట. తోడికోడలికి అప్పుడు నాలుగో నెల. పది రోజులకు కడుపు పోయింది.

"ఆమె నన్నేమన్లే. ఒక్క మాటన్లే" అంది అత్తమ్మ. "గప్పటి సంది ఎవలు ఎదురొచ్చినా సల్లగుండనే అంటున్న. తీర్చుకుందామని."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. అట్లా అని రేపు బండి రాకుండా ఆగదు కదా. అదొక్కటే ఆలోచిస్తున్నాను, నేనేం మనిషిని!

పదకొండో రోజు. గది 26.

పొద్దు పొడవగానే అత్తమ్మ స్నానం చేసి వచ్చింది. పాప పక్కన కూర్చోలేదు. గదిలో ఓ మూలకు పోయి, పాపకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. మమ్మల్ని చూడొద్దంది. చూశాం.

రెండు చేతులతో తన చెంపలే పట్టుకుంది.

"నా నోరు మండ" అంది.

పెట్టె ఊరుకుంది. మాట కొత్తగా ఉంది కాబోలు. అత్తమ్మ గట్టిగా, ఏడుస్తూ అరిచింది. "నా నోరు మండ! నా మొకం మండ! ఎవల పేరు రాసుకోకు, నాదే రాసుకో!"

"అలాగే, పెద్దమ్మా."

గంటలో ఇరవై రెండు. తొమ్మిదింటికి ఇరవై ఐదు. పదింటికి సుగుణ వచ్చేసరికి ఇరవై ఆరు. సుగుణ అంకెను రెండుసార్లు చూసి బండివాడిని పంపేసింది. పదకొండింటికి పాప ఆకలితో ఏడ్చింది. ఇంత సన్నగా. ఆ ఏడుపు వినడానికి నేనూ పావనీ పనులాపుకుని నిలబడ్డాం.

అత్తమ్మ అన్నం తినలేదు.

పద్నాలుగో రోజు. గది 26. బరువు 1,990.

రోజూ పొద్దున అదే. స్నానం, మూల, గోడ, చెంపలు, మాట. ఒకటి రెండు నిమిషాల పని. నా నోరు మండ అంటే చాలు, ఆ మాటను కూడా పెట్టె రాసేసుకుంది. తరువాత అరుగు మీద కూర్చుంటుంది, అరుగును పెట్టె ఇంట్లోకే లెక్కేస్తుంది. లోపలికి రమ్మంటే, "వద్దు బిడ్డా, లోపట మరిచి ఆ మాట అంటనేమో" అంటుంది. ఎవరికీ ఎదురుపడకుండా కొంగు కప్పుకుని కూర్చుంటుంది. వాడకట్టు పిల్లలు వచ్చి కాళ్ళకు దండం పెడితే చేయి ఊపి పొమ్మంటుంది.

నీ బదులు నేను తిడతానంటే పెట్టె ఒప్పుకోదు. ఒద్దనడానికి నాకు నోరు రావడం లేదు. పాప తాగుతోంది, నిద్రపోతోంది, ఒళ్ళు చేస్తోంది. ఇట్లా ఒకరి బలం తీసి ఇంకొకరికి పోస్తున్నానని తెలిసి కూడా రోజూ పొద్దున నేనే వేన్నీళ్ళు తోడి పెడుతున్నాను, స్నానానికి.

పంతొమ్మిదో రోజు. గది 26. బరువు 2,140.

చాయ్ ఇచ్చాను. అందుకుని నా మొహం చూసి, నోరు తెరిచి, "నా నోరు..." అంది. అని ఆగిపోయింది.

నేను వంటింట్లోకి వచ్చేశాను.

ఇరవై ఒకటో రోజు. గది 26.

అత్తమ్మ నోరు పూసింది. నాలుక మీద, పెదవుల లోపల తెల్లటి పుండ్లు. కారం తగిలితే కళ్ళ వెంట నీళ్ళు. సుగుణ చూసి, తిండి సరిగ్గా లేక, గది గాలి పొడిబారి ఇట్లా అవుతుంది, మందు రాస్తే తగ్గుతుందంది. మందు ఇచ్చింది, రాశాం.

"దేవతలు విన్నరు. నా పేరే రాసుకున్నరు" అంది అత్తమ్మ. ఆ మాట అంటుంటే ఆమె మొహంలో భయం లేదు. సంతోషం కనబడింది. పిల్లమీదికి పోలేదని. ఈ పుండ్లకు మందు ఉంది సరే, ఆ నమ్మకానికి ఏం రాయను? ఈరోజుతో మానేద్దామన్నాను. "ఎంతయింది బరువు?" అని అడిగింది. రెండు కిలోల రెండు వందలు. "ఇంకో నూరు" అని వేలు చూపించింది.

మీరడిగిన ఇరవై ఒక్క రోజులూ అయ్యాయి. అంకెలు ఉన్నాయి. ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఆరు. ఇవి పంపితే మీరేమంటారో తెలుసు. ఈ ఇంటికి వేడి అవసరం లేదంటారు.

ఇరవై ఐదో రోజు. బరువు 2,320.

అయిపోయింది! సుగుణ షరతు కాగితం చింపి నా చేతిలో పెట్టింది. పావని పాపను ఎత్తుకుని గదంతా తిరిగింది. శివరాత్రి దగ్గరికొచ్చింది, చలి శివశివా అంటూ పోతోంది. బయట మధ్యాహ్నం ముప్పై.

అత్తమ్మతో చెప్పాను, రేపటి నుంచి ఆ మాట అక్కర్లేదని. తల ఊపింది. ఎల్లుండి తొట్టెల వేద్దామనుకున్నాం. పేరు కూడా పావని నిశ్చయించింది. శిరీష.

ఇరవై ఏడో రోజు. గది 33.

తొట్టెలకు పక్క ఇళ్ళవాళ్ళు ఓ పదిమంది వచ్చారు. సుగుణ కూడా. బయట ముప్పై మూడు, లోపల ఇరవై ఎనిమిది. ఇంకాస్త చల్లగా ఉంటే బాగుండునని సుగుణే అంది. పిల్లకు చెమట పడుతోంది, ఇప్పుడు అవ్వ దీవెన పడితే సరిగ్గా సరిపోతుందని అందరం నవ్వుకున్నాం. ఆ మాట ఇంట్లో వినబడి ఇరవై రోజులు దాటింది. నిజం చెప్పాలంటే దానికోసమే అందర్నీ పిలిచాను. ఆమె నోటినుంచి మళ్ళీ ఆ మాట వినాలని.

అత్తమ్మ కొత్త చీర కట్టుకుంది. అరుగు మీదినుంచి ఇన్ని రోజుల తరువాత పట్టపగలు లోపలికి వచ్చింది. పావని పాపను ఆమె ఒళ్ళో పెట్టింది. మొదటిసారి. అత్తమ్మ పాప తలమీద చెయ్యి వేసింది.

"నా నోరు మండ" అంది.

"అలాగే, పెద్దమ్మా."

ఎవరో అయ్యో అన్నారు. అత్తమ్మ చేత్తో నోరు మూసుకుంది. మళ్ళీ తీసింది. పెదవులు కదిలాయి, పుండ్లు ఇంకా మానలేదు. మాట లేదు.

"అను అత్తమ్మా" అన్నాను. "ఇప్పుడంటే ఏం గాదు. మేమే అడుగుతున్నం. సల్లగుండు అను."

"వస్తలేదు బిడ్డా" అంది. "యాదికి ఉన్నది. నోట్లెకు వస్తలేదు."

పావని వంగి ఆమె చేతిని మళ్ళీ పాప తలమీద పెట్టింది. "దీవించింది మా నాయనమ్మ. నాకు వినవడ్డది" అంది అందరితో. గోడలు వేడెక్కాయి. ముప్పై, ముప్పై ఒకటి. జనం కొంగులతో విసురుకున్నారు గానీ ఒక్కరూ బయటికి పోలేదు.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను దీవించకూడదంటారు. దీవిస్తే వాళ్ళ ఆయుష్షు తగ్గుతుందట. నేను పుట్టి యాభై నాలుగేళ్ళు, తిట్లు తప్ప నా నోటి వెంట ఎవరూ ఏమీ విని ఎరుగరు. అయినా ఆమె ముందు కూర్చుని ఆమె తలమీద చెయ్యి పెట్టాను.

"సల్లగుండు అత్తమ్మా" అన్నాను.

"ఇంటి పెద్ద మాట అమలులో ఉంది" అంది పెట్టె. "మీ మాట చెల్లదు, స్వర్ణలత గారూ."

ఇంకోసారి అన్నాను. ఇంకోసారి కూడా. అత్తమ్మ నా చెయ్యి తీయకుండా కళ్ళు మూసుకుని వింది. ముప్పై మూడు దాటుతుంటే లేచి, నేనే కుక్కిన చీర పేలికలను కిటికీ సందుల్లోంచి ఒక్కొక్కటే పీకి, కిటికీలు తెరిచాను.